మాగ్నెటో

మాగ్నెటో పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించే నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును బ్యాటరీ లేకుండా పుట్టించే పరికరం. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ దీనికి ఆధారం. ఇంజిన్ తిరుగుతుంటే శాశ్వత అయస్కాంతాల మధ్య ఉన్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది.

చరిత్ర

నికోలస్ ఒట్టో 1884లో తక్కువ వోల్టేజి మాగ్నెటోను రూపొందించాడు. 1887లో రాబర్ట్ బాష్ స్టట్‌గార్ట్‌లోని తన వర్క్‌షాపులో ఆ తరహా యంత్రం తయారుచేశాడు. అందులో తీగచుట్టిన ఆర్మేచర్ అటూ ఇటూ ఊగేది. సిలిండర్ లోపల రెండు లోహపు మొనలు విడిపోగానే రవ్వ పుట్టేది. నెమ్మదిగా నడిచే స్థిర ఇంజిన్లకు ఇది చాలింది.

1897లో దీన్ని ద దియోన్-బుతోన్ మూడుచక్రాల మోటారు బండికి అమర్చాల్సి వచ్చింది. ఆ ఇంజిన్ వేగాన్ని బరువైన ఆర్మేచర్ అందుకోలేకపోయింది. బాష్ దగ్గర పనిచేసే ఆర్నోల్డ్ జేరింగర్ ఆర్మేచర్‌ను కదలకుండా బిగించి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును మాత్రమే ఊగేలా చేశాడు. 1902లో గాట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్‌ను తెచ్చాడు. దాంతో రవ్వ కోసం సిలిండర్ లోపల కదిలే భాగాల అవసరం తీరిపోయింది.

రూపకల్పన మదింపు

తొలి రోజుల మాగ్నెటోల్లో అసలైన ప్రతిభ కదిలే బరువును తగ్గించడంలో ఉంది. జేరింగర్ తొడుగు వల్లే స్థిర ఇంజిన్ పరికరం రోడ్డెక్కగలిగింది. వేగం పెరిగేకొద్దీ రవ్వ బలపడటం దీని గొప్ప గుణం. హ్యాండిల్ తిప్పి ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు వేగం చాలక రవ్వ బలహీనపడటం దీని పెద్ద లోపం. 1912లో క్యాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక బ్యాటరీ ఎలాగూ బండిలో ఉండసాగింది. ఆ తర్వాత కార్లలో మాగ్నెటో క్రమంగా వెనకబడింది.

హైదరాబాద్ ప్రాంతంలో

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆనాటి సిల్వర్ ఘోస్ట్ ఇంజిన్లలో సిలిండర్‌కు రెండేసి ప్లగ్‌లు ఉండేవి: ఒకదానికి బ్యాటరీ, కాయిల్, రెండోదానికి మాగ్నెటో. మొదలుపెట్టడానికి బ్యాటరీ, పరుగుకు మాగ్నెటో అక్కరకొచ్చేవి. ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చే తెలివైన ఏర్పాటు అది.

బాచుపల్లికి చేరువలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో 2009 దాకా క్యాడెట్లు నడిపిన హెచ్‌పీటీ-32 శిక్షణ విమానానిది పిస్టన్ ఇంజిన్. ఇలాంటి విమాన ఇంజిన్లకు జంట మాగ్నెటోలు ఉంటాయి. పైలట్లు ఎగిరేముందు రెంటినీ విడివిడిగా పరీక్షిస్తారు. విమానంలోని విద్యుత్ వ్యవస్థ మొత్తం ఆగిపోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కార్లు వదిలేసిన ఈ పాత యంత్రాన్ని విమానాలు నేటికీ నమ్ముకోవడానికి కారణం ఇదే.