ఏనుగై గట్టెక్కిన బంటు

చదరంగంలో బలగాలన్నీ బారులు తీరి ఉన్నప్పటి సందడి వేరు. ఆట ముగింపుకు వచ్చి మూడు నాలుగు పావులు మాత్రమే మిగిలినప్పటి నిశ్శబ్దం వేరు. ఆ ముగింపు ఘట్టాలను చిక్కు సమస్యలుగా కూర్చి, విప్పి చూపే అలవాటు చాల పాతది. తొమ్మిదవ శతాబ్దినాటికే అరబ్బు పండితులు అటువంటివాటిని 'మన్సూబా'లనే పేరుతో గ్రంథస్థం చేసినారు. మేము ఇప్పుడు ముచ్చటింపబోయేది అంత ప్రాచీనమైనది కాదు. 1895లో, స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, 'వీక్లీ సిటిజన్' అనే వారపత్రికలో నాలుగు వారాలపాటు నడచిన కథ ఇది. ఆ కథకు మూలం ఒక పొరపాటు.

ఆ పత్రికలో చదరంగపు శీర్షికను బార్బియే అనే ఆయన నిర్వహించేవాడు. ఆ సంవత్సరం మార్చి నెలలో పాటర్ అనే ప్రసిద్ధ క్రీడాకారుడు మరణించినాడు. ఆయన 1875లో ఫెంటన్‌తో ఆడిన ఒక ఆట బార్బియేకు జ్ఞప్తికి వచ్చినది. ఆ ఆటను ఇద్దరూ సమమని ఒప్పుకొని ముగించినారు. తెలుపుకు గెలిచే దారి ఉండెనని జూకర్‌టార్ట్ ఆనాడే చూపినాడు. బార్బియే ఆ ఘట్టాన్ని ఏప్రిల్ నెలాఖరున తన శీర్షికలో వేసినాడు. కాని పాత సంచిక తిరగవేయక జ్ఞాపకంమీద ఆధారపడినాడు కాబోలు, పావులు అసలున్న గళ్లలో లేవు. ఇరవై ఏండ్ల తరువాత ఎవరి జ్ఞాపకమైనా అంతే.

మరుసటి వారం జవాబు చెప్పుతూ ఆయన ఒక కొసరు చేర్చినాడు. పలక అంచున ఎక్కడో ఉన్న నల్లరాజును ఎ1 మూలకు తెచ్చి పెడితే, తెలుపు గెలువలేదట! ఎత్తు నలుపుది, ఆట సమమవుతుంది, సాధింపుడన్నాడు.

ఆకాశవాణిలో పలకను చూపలేము. కనుక ఇంట చదరంగపు బల్ల ఉన్నవారు ముందు పెట్టుకొనవలెనని మనవి. తెల్లవారివైపు కూర్చుండి చూస్తే ఎడమనుంచి నిలువు వరుసలు ఎ, బి, సి, డి అనుకొందాము. అడ్డువరుసలకు మనవైపునుంచి 1 మొదలు 8 వరకు అంకెలు. నల్లరాజు ఎ1లో, నల్లయేనుగు డి5లో, తెల్లరాజు బి6లో, తెల్లబంటు సి7లో. ఇంకొక్క అడుగు వేస్తే బంటు గట్టెక్కుతుంది.

ఏనుగు డి6లో నిలిచి రాజుకు షా చెప్పినది. రాజు బి5కు దిగినాడు. డి5లో మళ్లీ షా, రాజు బి4. డి4లో షా, రాజు బి3. డి3లో షా, రాజు సి2. ఈ మెట్లు దిగడం పారిపోవడం కాదు. మొదటి షాకే తొందరపడి సి5లోనికి వస్తే, ఏనుగు డి1కు పోయి కాచుకొంటుంది. బంటు మంత్రి కాగానే సి1నుంచి షా చెప్పుతుంది. రాజు తప్పుకొంటే వెనుకనున్న మంత్రి పోతుంది. సి2లో నిలిచిన రాజు ఆ సి1ను కాపాడుతూ ఏనుగునే బెదిరిస్తున్నాడు. ఇక బంటును ఆపేవారు లేరు.

అక్కడే నలుపుకు బార్బియే కనిపెట్టిన యుక్తి ఉన్నది. ఏనుగు డి4కు తప్పుకొంటుంది. బంటు సి8లో మంత్రి అయినదా, ఏనుగు సి4లో నిలిచి షా చెప్పుతుంది. మంత్రి దానిని చంపక తప్పదు. చంపిన మరుక్షణమే మూలనున్న నల్లరాజుకు షా లేదు, కదలడానికి గడీ లేదు, ఆట సమం! ముచ్చటైన యుక్తి, ఆయన గర్వపడి ఉంటే తప్పుపట్టము.

జవాబు అచ్చయినది. ఆ ఊరిలోనే ఫెర్నాండో సావేద్రా అనే స్పెయిన్ దేశపు క్రైస్తవ మతగురువు ఉండేవాడు. ఆటలో సామాన్యుడు, పోటీలలో పేరు పొందినవాడు కాడు. ఆయన దానిని చూచి, బంటును మంత్రిని చేయడమెందుకు, ఏనుగును చేయుమన్నాడు.

మంత్రికి ఏనుగు నడకా ఉన్నది, శకటు నడకా ఉన్నది. ఆ శకటు నడకే నల్లరాజుకు చివరి గడియైన ఎ2ను మూసివేసి ఊపిరాడనీయలేదు. ఏనుగుకు ఆ చూపు లేదు. అందుచేత సమమయ్యే దారి పోయినది. పైగా సి8లో పుట్టిన ఏనుగు ఎ8కు వచ్చి ఆటకట్టు చేస్తానంటున్నది. నలుపు ఎ4లో ఏనుగును అడ్డుపెట్టవలసినదే. అప్పుడు తెల్లరాజు బి3కు జరుగుతాడు. ఒకవైపు ఎ4 ఏనుగును చంపుతానంటాడు, మరొకవైపు సి1లో ఆటకట్టు సిద్ధంగా ఉన్నది. రెంటినీ తప్పించే ఎత్తు నలుపుకు లేదు.

బార్బియే ఆ సవరణను తరువాతి సంచికలో సావేద్రా పేరుతోనే ప్రకటించినాడు. తన తీర్పును వారం తిరగకుండా తన శీర్షికలోనే తలక్రిందులు చేసుకొనడం ఎవరికైనా కొంత కష్టమే. వారం వారం ఉత్తరాలు అందుకొనే మాకు ఆ కష్టం తెలియనిది కాదు. కథంతా చెప్పేటప్పుడు ఆయన పొరపాట్లనే ఎంచుతారు గాని, ఈ నిజాయితీ లేకుంటే సావేద్రా ఎత్తు ఆ ఊరు దాటకనే పోయేదేమో.

ఈ చిక్కుముడి మరొక కాలంలో పుట్టగలిగినది కాదని మా అభిప్రాయం. అరబ్బుల ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచేది; దాని నేటి బలం పదిహేనవ శతాబ్ది చివర ఐరోపాలో వచ్చినది. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభందాక, ప్రత్యర్థి రాజుకు కదలిక లేకుండా చేసినవాడు ఓడినట్టు లెక్క; ఆ నియమమే నిలిచి ఉంటే బార్బియే యుక్తితో నలుపు గెలిచినట్టే అయ్యేది. మన దేశపు పాత ఆటలో బంటు ఏ వరుసలో గట్టెక్కితే ఆ వరుస బలమే అయ్యేది. సి వరుస శకటుది కదా! సావేద్రా మనవాడై ఆ పద్ధతిలో ఆడి ఉంటే ఆయనకు ఏనుగు దొరికేదే కాదు.

1902లో, అప్పటి ప్రపంచ విజేత ఎమాన్యుయల్ లాస్కర్ బంటును ఒక్క గడి వెనుకకు, సి6కు, జరిపి 'బ్రూక్లిన్ డైలీ ఈగిల్' పత్రికలో ప్రకటించినాడు. ఈసారి ఎత్తు తెలుపుది, గెలుపూ తెలుపుదే. పుస్తకాలకెక్కినది ఆ రూపమే. సావేద్రా 1922లో మరణించినాడు. పాటరూ ఫెంటనూ ఎన్నడూ ఆడని ఘట్టానికి, దానిని కూర్చనివాడైన ఆ మతగురువు పేరే స్థిరపడినది.

బల్ల ముందు పెట్టుకొన్నవారికి ఒకటి విడిచిపెట్టినాము. తెల్లబంటు ఏనుగైన తరువాత కూడ నలుపు మొండిగా సి4లో నిలిచి షా చెప్పితే, తెలుపు రెండు ఎత్తులలో ఆట కట్టవచ్చును. పావులు తీసివేయకముందే చూడండి.