గోధుమ మానినా తగ్గని సంగ్రహణి

గోధుమలు పూర్తిగా మానివేసి నెలలు గడిచినా విరేచనాలు, ఉబ్బరం, నీరసం తగ్గలేదని వాపోయేవారు పథ్యంలో ఎక్కడో పొరపాటు చేశామేమోనని తమను తామే నిందించుకుంటారు. పొరపాటు పథ్యానిది కాక, వ్యాధికి పెట్టిన పేరుది కావచ్చును. మన డెల్టా చరిత్ర ఇందుకు సాక్ష్యం.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన పిదప ఈ నేల వరికి నిలయమైంది. పూటపూటా అన్నమే తినే ఇళ్లలో గోధుమ అరుదు. వరిలో గ్లూటెన్ లేదు. అంటే మన పూర్వులు, ఆ పేరైనా ఎరుగకుండానే, ఇంచుమించు గ్లూటెన్ లేని పథ్యంలో జీవించారు. అయినప్పటికీ మనిషిని ఎముకల గూడుగా మార్చే దీర్ఘ విరేచనాల వ్యాధి వారిని వదలలేదు. మన వైద్యులు దానిని సంగ్రహణి అన్నారు. పాశ్చాత్యులు స్ప్రూ అన్నారు. అది డచ్చి మాట. మచిలీపట్నంలో వర్తకం చేసినవారూ డచ్చివారే గాని, ఆ పదం మాత్రం జావా నుండి వైద్యగ్రంథాల కెక్కింది.

కృష్ణా డెల్టాకు పొరుగునున్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కుటుంబాన్ని ఈ వ్యాధే పొట్టన పెట్టుకుంది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఆయనకూ అదే సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. తరువాత అమెరికా వెళ్లి, హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ దానిని క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇవ్వగా, పాలిపోయినవారి రక్తం త్వరలోనే పుంజుకుంది. తోబుట్టువులను బలిగొన్న వ్యాధికి తన చేతి మీదుగానే మందు రావడం ఎందరికి దక్కుతుంది!

ఆ రోజులలోనే నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు సీలియాక్ వ్యాధికి గోధుమే మూలమని తేల్చాడు. 1944–45 చలికాలపు కరవులో రొట్టె దొరకక ఊరంతా అలమటిస్తుంటే, ఆ పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె రాగానే మళ్లీ క్షీణించారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పేగు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు వ్యాధులలోనూ ఆంత్రచూషకాలు అరిగిపోయి కనిపిస్తాయి. సీలియాక్ గోధుమ మానితే తగ్గుతుంది. ఉష్ణమండల స్ప్రూ తగ్గదు. దానికి ఫోలిక్ ఆమ్లం, బి12తో పాటు నెలల తరబడి టెట్రాసైక్లిన్ వాడాలి. 1960 దశకంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు పల్లెలలో ఈ స్ప్రూ అంటువ్యాధిలా వ్యాపించడాన్ని సవిస్తరంగా నమోదు చేశారు.

కనుక గోధుమ మానడానికి ముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. మానిన తరువాత చేయిస్తే వ్యాధి ఉన్నా లేనట్లు రావచ్చును. సీలియాక్ అని తేలిన మీదట కూడా బాధ వదలకపోతే ముందుగా వంటింట్లోని ఇంగువ డబ్బాను చూడండి. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. పులిహోరలో వేసే చిటికెడు కూడా లెక్కలోనిదే. పాలు పడకపోవడం, జియార్డియా క్రిమి కూడా విచారించదగినవి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టవద్దు. బి12 లోపం ఉన్నవారిలో అవి రక్తహీనతను కప్పిపుచ్చుతాయి. ఈలోగా నరాలు దెబ్బతినిపోతాయి.