బందరు ఎరుపు జాడలో

పాత బందరు కలంకారీని ఉన్నదున్నట్టు మళ్లీ అద్దాలనుకునేవారు ముందుగా మ్యూజియం ఫొటో ముందు పెట్టుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న పద్దెనిమిదో శతాబ్దపు కోరమాండల్ అద్దకాల్లో చాలాచోట్ల ఆకులు నీలంగా కనిపిస్తాయి. అద్దిననాడు అవి ఆకుపచ్చనివే. నీలిమందు మీద పసుపువన్నె పూసి పచ్చదనం తెచ్చేవారు. వెలుతురుకు పైపూత ఎగిరిపోయి అడుగు నీలం మిగిలింది. నలుపుది ఇంకో గొడవ. ఇనుముతో చేసిన ఆ రంగు ఏళ్లు గడిచేకొద్దీ నూలుపోగునే తినేస్తుంది, గీత ఉన్నచోట గుడ్డ చివికిపోతుంది. గట్టిగా నిలిచింది ఎరుపే. నాటి రంగుల లెక్క తేల్చాలంటే దానితోనే మొదలుపెట్టాలి.

ఆ ఎరుపు చిరివేరుది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది, శాస్త్రనామం ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు బందరులో దిగింది ముఖ్యంగా ఈ తీరపు బట్టల కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లకు ఈ బట్టలే ఇవ్వాలి. 1618 నుంచి 1622 దాకా బందరులోని ఇంగ్లిషు కొఠీలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ, ఈ వేరు ఎరుపుకు ఇక్కడున్న విలువను తన దేశంలో స్కార్లెట్‌కున్న విలువతో పోల్చాడు. దివిసీమ దాటాక వచ్చే నిజాంపట్నం, అప్పటి పెట్టపొలి, ఈ వేరుకు పేరుపడ్డ చోటు.

రంగు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాలు రెండు చాలా విలువైనవి. సామర్లకోటలో మొక్కల తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరు బొమ్మ వేయించి, అద్దకపు పద్ధతిని వివరంగా రాశాడు. అంతకు ముందు 1734 ప్రాంతంలో బోలియు అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక కలంకారీ పనివాడి దగ్గర కూర్చుని, ఒక్కో దశ పూర్తికాగానే ఒక గుడ్డముక్క కత్తిరించి తన రాతకు జతచేశాడు. ఆ పదకొండు ముక్కలు ప్యారిస్ ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. ఒకే ఎరుపు మొదట ఎలా ఉంది, ఉడికాక ఎలా మారింది అన్నది వాటిలో కంటికి కనిపిస్తుంది.

బందరు పక్కనున్న పెడనలో జరిగే అద్దకంలో అసలు విచిత్రం ఆ మార్పే. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో నల్లగీతల అచ్చు వేస్తారు. ఎరుపు రావలసిన చోట అద్దేది మాత్రం పటిక, జిగురు కలిపిన ముద్ద. పటికకు రంగు లేదు కాబట్టి, అచ్చు ఎక్కడ పడిందో తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుతారు. కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడిస్తారు. నిలవ నీళ్లయితే ఊడిన పటిక పక్కకు అంటుకుని, తర్వాత అక్కడా ఎరుపు మరక తేలుతుంది. ఆ తర్వాత ఎరుపునిచ్చే పదార్థం వేసిన నీళ్లలో, రాగి పాత్రలో ఉడుకు. నీళ్లు కాగేకొద్దీ, పటిక పట్టిన ప్రతి పువ్వూ ప్రతి తీగా ఎర్రబడుతూ వస్తాయి.

1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులో ఎరుపునిచ్చేదీ అలిజరినే. కొద్దికాలంలోనే పొడి రూపంలో చవగ్గా దొరికింది, ఇసుకలో వేర్లు తవ్వే శ్రమ తప్పింది, చిరివేరు మూలపడింది. అలిజరిన్ ఒకటే అయినా ఎరుపు ఒకటే కాదు. మంజిష్ఠ జాతి వేర్లలో అలిజరిన్‌కు తోడుగా పర్‌ప్యూరిన్ వంటి రంగుపదార్థాలు ఉంటాయి. చిరివేరులో పర్‌ప్యూరిన్ ఉండదు. పాత గుడ్డపోగును పరీక్షించి అది ఏ వేరు ఎరుపో పోల్చుకోవడానికి ఈ తేడాయే ఆధారం. పొడితోనో మంజిష్ఠతోనో ఉడికించిన గుడ్డ అందంగానే ఉండవచ్చు, దాన్ని పదిహేడో శతాబ్దపు బందరు ఎరుపు అనడం మాత్రం సరికాదు.

అందుకే పాత ఎరుపు కావాలని పెడనకు వచ్చే డిజైనరు షేడ్ కార్డు చూపించి ఊరుకుంటే చాలదు. పటిక పాళ్లు ఎంత, ఉడుకులో వేసేది ఏమిటి, జాడించేది ఏ నీళ్లలో అన్నవి అద్దకం పనివారితో కూర్చుని తేల్చుకోవాలి. దివిసీమ తీరపు ఇసుక నేలలో కొన్ని సెంట్లయినా చిరివేరు వేసి, దానితో ఉడికించిన గుడ్డను బోలియు ముక్కల పక్కన పెట్టి చూడాలి. విశ్వవిద్యాలయాలు, చేనేత శాఖ, పెడన పనివారు కలిసి వెంటనే చేపట్టదగ్గ పని ఇది.