సొంత కరెంటు, సొంత నీళ్ళు – ఒక పాత కథ

మొన్న లంచ్‌లో మా టీమ్‌మేట్ తన రిటైర్మెంట్ ప్లాన్ చెప్పాడు. "ఊరి చివర ఎకరం పొలం, పైన సోలార్, కింద బోరు. ట్యాంకర్ కోసం ఎదురుచూపుల్లేవు, కరెంటు బిల్లు లేదు. ఎవడి మీదా ఆధారపడక్కర్లేదు మామా!"

వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఈ సినిమా అమెరికాలో ఎప్పుడో ఆడేసింది.

అక్కడి పల్లెల్లో ముందు నీళ్ళ సంగతి తేలింది. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతూ, గాలి మరీ ఎక్కువైతే తనే వేగం తగ్గించుకునే గాలిమరని 1854లో డేనియల్ హాలడే తయారుచేశాడు. పక్కన మనిషి కాపలా అక్కర్లేదు. మైదానాల్లో పశువులకీ, ఇళ్ళకీ, ఆఖరికి రైలింజన్లకీ ఇలాంటి గాలిమరలే నీళ్ళు తోడాయి.

తర్వాత కరెంటు. 1916లో డెల్కో-లైట్ సెట్లొచ్చాయి. ఒక చిన్న ఇంజను, గాజు జాడీల్లో బ్యాటరీలు, 32 వోల్టులు. మన ఇన్వర్టర్‌కి ముత్తాత అన్నమాట. ఆ వెనకే మోంటానాలో పెరిగిన జేకబ్స్ అన్నదమ్ములు మూడు రెక్కల గాలిమరతో కరెంటు తీసి, ఆ మిషన్లని అమ్మారు.

మరి అందరూ హాయిగా ఉన్నారా? లేదు. ఆ సెట్లు కొనగలిగింది కాస్త డబ్బున్న రైతులే. ఇళ్ళు దూరదూరం, లాభం తక్కువ అని ప్రైవేటు కంపెనీలు తీగలు లాగలేదు. 1935 నాటికి పది పొలాల్లో సుమారు తొమ్మిదింటికి లైన్ కరెంటు లేదు. ఆ ఏడే రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టాడు. అప్పు ప్రభుత్వానిది, సంఘం రైతులది. తలా 5 డాలర్ల సభ్యత్వం కోసం రైతులే ఇల్లిల్లూ తిరిగారు. 1950ల మొదటికల్లా లెక్క తిరగబడింది, పదింటిలో తొమ్మిదింటికి కరెంటొచ్చింది. 1950ల చివరికి జేకబ్స్ వాళ్ళ ఫ్యాక్టరీ మూతపడింది.

అమెరికా గోల మనకెందుకంటారా? ఆ పద్ధతే మన సిరిసిల్లకొచ్చింది. అమెరికా సహకార సంఘాల సాయంతో దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టిన అయిదు విద్యుత్ సహకార సంఘాల్లో, 1970లో మొదలైన సిరిసిల్ల 'సెస్' ఒకటి. సొంతంగా కరెంటు తయారుచెయ్యదు, కొని పంచుతుంది. పాలకవర్గాన్ని సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు.

సోలార్ వద్దని కాదు నేననేది. డాబా మీద పడే ఎండ ఎవరిది వాళ్ళదే. కానీ బోరు అలా కాదు కదా! మనం ఇంకో రెండొందల అడుగులు దింపితే పక్కవాడి బోరు ఎండిపోవచ్చు. రేపు వాడు మూడొందలు దింపుతాడు. భూమి కింద నీళ్ళకి కాంపౌండ్ వాల్ ఉండదు. ఎవడి మీదా ఆధారపడకపోవడం అనేది అక్కడే తేలిపోతుంది.

ఇదే మావాడితో అన్నాను, "ఒక్కడివే వద్దు, పదిమందిని కలుపుకో. ఇంకుడు గుంతలు, సోలార్ కలిపే పెట్టుకోండి" అని.

"ఆ పదిమందిని ఒప్పించడమే కష్టం మామా" అన్నాడు.

నిజమే. కానీ ఆ రైతులు మట్టిరోడ్ల మీద ఇల్లిల్లూ తిరిగారు. మన చేతిలో వాట్సాప్ గ్రూపుంది, గుడ్ మార్నింగులకి తప్ప వాడం :)