ఇంజను ఊపిరి – ఒక చిన్న వలయము

సిరిసిల్లనుండి మానేరు వంతెన దాటినచో తంగళ్ళపల్లి. మరమగ్గమును అచ్చటివారు సాంచ అందురు. ఆ సాంచాల మోత నడుమ మేము ఒకనాడు ఒక పాత మోటారు సైకిలు రోగచరిత్రను వినవలసివచ్చినది. రెండు స్ట్రోకుల బండి. వయస్సు అరువదికి చేరువ. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగానే నడచును. కాకెక్కినదా, ఎక్సిలేటరు వదలినను పరుగు తగ్గదు. కార్బురేటరును మూడుమార్లు కడిగించినారు. సిలిండరును బోరు చేయించినారు. రూకలు పోయినవి గాని రోగము పోలేదు. యజమాని దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయుటకు సిద్ధపడినాడు.

అప్పుడొక వృద్ధ మెకానిక్కు ప్రక్కమూత విప్పి, తిరుగుచున్న ఇరుసు మొదట నాలుగు నూనెచుక్కలు విడిచినాడు. ఇంజను స్వరము మారినది. "ఇంజను మంచిగనే ఉన్నది సార్, సీలు పోయింది" అన్నాడు.

ఈ సీలు కథ చెప్పవలెనన్న ఇంగ్లండులోని బాత్ నగరమునకు పోవలెను. అచ్చట జోసెఫ్ డే అను ఇంజనీరు 1891లో ఒక కొత్త ఇంజనుకు పేటెంటు పొందినాడు. పిస్టను పైకి పోవునప్పుడు క్రాంకు పేటికలో వెలితి ఏర్పడి, గాలియు ఇంధనమును లోనికి వచ్చును. క్రిందికి దిగునప్పుడు ఆ మిశ్రమమే ఒత్తిడికి లోనై సిలిండరులోనికి ఎక్కును. మరుసటి సంవత్సరము ఆయన వద్ద పనిచేయు ఫ్రెడరిక్ కాక్ దానిని కవాటములు లేకుండ పనిచేయునట్లు సవరించినాడు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఆ పేటిక కేవలము నూనె దాచు పాత్ర. కారినను నేల మురికియగును, అంతే. ఇందులోనో అదే ఊపిరితిత్తి. నిమిషమునకు 3000 చుట్లు తిరిగిన ఇంజను క్షణమునకు 50 మారులు ఊపిరి పీల్చి విడువవలెను.

చిక్కేమనగా, ఇరుసు ఆ పేటికనుండి రెండువైపులకు బయటికి రావలసియున్నది. ఇరుసు తిరుగవలెను, గాలి దూరరాదు. మొదటి నిర్మాతలు పొడవైన కంచుబుష్షులను నమ్ముకొన్నారు. అవి అరిగిన కొలది గాలి కారెడిది. చక్కని పరిష్కారము జర్మనీలోని వైన్‌హైమ్ నగరమునుండి, అదియు ఒక తోళ్ళ కర్మాగారమునుండి వచ్చుట మాకు వింతగా తోచినది. 1849లో నెలకొన్న ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థలో వాల్టర్ జిమ్మర్ అను ఇంజనీరు 1930 ప్రాంతముల తోలుపెదవిని స్ప్రింగుతో ఇరుసునకు హత్తించు వలయమును రూపొందించినాడు. కొలది ఏండ్లలో తోలు స్థానమున కృత్రిమ రబ్బరు వచ్చినది.

మన దేశమున ఈ ఇంజను 1960 దశకమున ఇంటింటి మాటయైనది. మైసూరులో ఐడియల్ జావా, పోలండు నమూనా ననుసరించి ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వెలువడినవి. జావా 1973నుండి యెజ్డీ పేరిట నడచి 1996లో మూతపడినది. 2000 సంవత్సరపు పొగ నిబంధనలు ఈ జాతి ఇంజనులకు మరణశాసనమైనవి. మిగిలిన బండ్లలోని రబ్బరు పరుగువలన కంటె నిలువయుండుటవలన హెచ్చుగా చెడును. కదలని పెదవి గట్టిపడి చిట్లును.

రోగలక్షణము ఏ ప్రక్క సీలు చెడినదో తెలుపును. విద్యుత్తు యంత్రమువైపుది చెడినచో గాలి దూరి మిశ్రమము పలుచనగును; ఇంజను వేడెక్కి, కళ్ళెము లేని గుఱ్ఱమగును. క్లచ్చివైపుది చెడినచో గేరునూనె లోపలికి పోయి తెల్లని పొగ వచ్చును, ప్లగ్గు తడియును, గేరుపెట్టెలో నూనె తరుగును. పిస్టను అరిగినదని పొరబడుట ఇచ్చటనే.

మార్చుట కష్టముకాదు, ఓర్పు కావలెను. కొన్నింటిలో సీలు బేరింగునకు వెలుపల ఉండును. మరికొన్నింటిలో పేటికనే రెండుగా చీల్చవలెను. మా వృద్ధుడు ఇరుసుపై గాడి పడినదేమో గోటితో తడవి చూచినాడు. కీలుగంటు పెదవిని కోయకుండ దానిపై పలుచని కాగితము చుట్టినాడు. పెదవికి నూనె రాసి, స్ప్రింగున్న ముఖమును పేటికవైపు త్రిప్పి, గొట్టపుముక్కతో చుట్టును సమముగా తట్టినాడు. వంకరగా దిగిన సీలు సీలే కాదట.

కర్మాగారము మూతపడినది గదా, సరకెట్లు దొరకినదని అడిగితిమి. ఆయన పాతసీలు వెనుకవైపు చూపినాడు. అచ్చట మూడంకెలు: లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము, అన్నియు మిల్లీమీటర్లలో. ఆ మూడంకెలు చెప్పిన బేరింగుల దుకాణమువాడు బండి పేరైనను అడుగడట.