ఫాతిమా మాత కేథడ్రల్, కాజీపేట

వరంగల్ కతోలిక మేత్రాసనానికి (బిషప్ పరిధిలోని ప్రాంతానికి) ప్రధాన దేవాలయం. కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది. 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో ముగ్గురు పిల్లలకు మరియమాత దర్శనమిచ్చిందన్న నమ్మకం మీద ఈ పేరు వచ్చింది.

ఓరుగల్లు (వరంగల్) ప్రాంతానికి క్రైస్తవం ఈ కేథడ్రల్‌కు చాలా ముందే చేరింది. అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే హన్మకొండలో మిషన్ నెలకొల్పారు. ఇటలీలోని మిలాన్ మిషనరీలు 1855 నుంచి నిజాం రాజ్యంలో పనిచేస్తూ వచ్చారు. ఆ తర్వాత, 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్దకొడుకు పేరున ఆజంజాహి మిల్లు పెట్టించడంతో వరంగల్ మిల్లు ఊరైంది. మిల్లు సైరనే చాలామందికి గడియారంగా ఉండేది. కాజీపేటకు మాత్రం రైలు జంక్షనే ఆధారం. అందుకే ఈ కేథడ్రల్‌ను మిల్లు చర్చి అనడం సరికాదు. మిల్లు, రైలు కలిసి పెంచిన జంటపట్టణాల చర్చి అనాలి.

హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన నాలుగేళ్లకు, 1952 డిసెంబరు 22న, వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. తొలి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా, ఇటాలియన్. 1953 నుంచి 1985 దాకా, మూడు దశాబ్దాలకు పైగా ఆయనే పీఠంలో ఉన్నారు. తర్వాత తెలుగువాడైన తుమ్మ బాల వచ్చారు. 2011లో హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా వెళ్లారు. 1988లో ఖమ్మం వేరే మేత్రాసనమైంది.

1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. కేథడ్రల్‌లో మాత్రం ఆరాధన నేటికీ సాగుతోంది.