ఖరీదైన వైరు ఇయర్‌ఫోన్: శబ్దాన్నీ సౌకర్యాన్నీ పరీక్షించేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకు తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. కొండలు దాటితే ఇటువైపు ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాలు. మిర్చి కోతలకు ఏటా అటు నుంచి ఇటు కూలీలు వస్తారు. అక్కడ రికార్డు చేసిన సంభాషణలో గోండీ, దోర్లీ, తెలుగు, హిందీ మాటలు కలిసిపోయి ఉండడం మామూలే. అలాంటి రికార్డింగ్‌ను విని కాగితం మీద పెట్టే పని విలేఖరులది, భాషా పరిశోధకులది, న్యాయవాదులది. ‘చెప్పారు’ అన్నది ‘చంపారు’ అని వినిపిస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

చెవిలోకి దూర్చుకునే హై-ఎండ్ వైరు ఇయర్‌ఫోన్లను సంగీతాభిమానుల మోజుగానే చాలామంది చూస్తారు. గొంతులు వినడమే వృత్తి అయినవారికి అవి పనిముట్లు కూడా. ధర వేలల్లో మొదలై లక్ష రూపాయలు దాటుతుంది. కొనే ముందు ఏం చూడాలో తెలియకపోతే డబ్బు పోతుంది, మాటా వినపడదు.

వైరే ఎందుకు?

2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ 3.5 మిల్లీమీటర్ల జాక్‌ను తీసేసింది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అయినా వైరుకు కాలం చెల్లలేదు. బ్లూటూత్‌లో శబ్దం సాధారణంగా కుదించిన రూపంలో ప్రయాణిస్తుంది. కొంత ఆలస్యంగా చెవికి చేరుతుంది. వైరుకు బ్యాటరీ అక్కర్లేదు. కరెంటు నమ్మకం లేని చోట ఇది పెద్ద వెసులుబాటు. క్షేత్రస్థాయిలో వాడే రికార్డర్లకు ఇప్పటికీ జాక్ ఉంటుంది. జాక్ లేని ఫోన్‌కైతే చిన్న యూఎస్‌బీ-సీ అడాప్టర్ సరిపోతుంది.

మొదటి పరీక్ష అమరికకే

ఇన్-ఇయర్ విషయంలో శబ్దం, సౌకర్యం వేర్వేరు కావు. టిప్ చెవి కాలువను గాలి చొరబడకుండా మూయాలి. సన్న సందు మిగిలినా బేస్ బయటికి జారిపోతుంది. గొంతు పలచబడుతుంది, ట్రెబుల్ గుచ్చుతుంది. ఒకే మోడల్ గురించి ఒకరు ‘బేస్ లేదు’ అని, మరొకరు ‘బేస్ ఎక్కువ’ అని చెప్పడానికి తరచు ఇదే కారణం.

దీన్ని పరీక్షించడం తేలిక. 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు సాగే టోన్ పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కాలి. బేస్ ఒక్కసారిగా పెరిగితే అమరిక సరిగ్గా లేనట్టే. అప్పుడు మార్చాల్సింది ముందు టిప్‌ను. మనిషి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండకపోవచ్చు. ఎడమకు మీడియం, కుడికి పెద్దది పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. సిలికాన్ టిప్ కడిగి వాడుకోవచ్చు. ఫోమ్ టిప్ చెవి ఆకారానికి తగ్గట్టు ఉబ్బి బాగా మూస్తుంది, ట్రెబుల్‌ను కాస్త మెత్తబరుస్తుంది, త్వరగా అరుగుతుంది.

సౌకర్యం గంట తర్వాతే తెలుస్తుంది

షాపులో ఐదు నిమిషాలు పెట్టుకుంటే ప్రతి ఇయర్‌ఫోనూ హాయిగానే ఉంటుంది. నలభై నిమిషాలు దాటాక చెవి దొప్పలో ఏదో ఒక చోట ఒత్తుకోవడం మొదలైతే ఆ నొప్పి రోజూ ఉంటుంది. అందుకే తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని, కనీసం గంటసేపు ఏకబిగిన పెట్టుకుని చూడాలి.

గమనించవలసినవి నాలుగు. మొదటిది పైతొడుగు పరిమాణం. ఎక్కువ డ్రైవర్లు ఉన్న మోడళ్ళు చిన్న చెవుల్లో ఇమడవు. రెండోది నాజిల్ మందం. లావైతే కాలువ గోడలను ఒరుసుకుంటుంది. మూడోది వైరు. అది చొక్కాకు రాసుకున్నప్పుడు వచ్చే గరగర శబ్దం చెవిలో వినిపిస్తుంది. వైరును చెవి మీదుగా వెనక్కి తిప్పుకుంటే ఇది తగ్గుతుంది, కానీ కళ్ళజోడు పెట్టుకునేవారికి ఆ కొక్కెం అడ్డురావచ్చు. నాలుగోది చెవి మూసుకుపోయిన భావన. కాలువ మూసినప్పుడు సొంత గొంతు, నమలడం, అడుగుల చప్పుడు లోపల మోగుతాయి. గాలి రంధ్రం ఉన్న మోడళ్ళలో ఒత్తిడి తక్కువ, అయితే బయటి రొద కొంత లోపలికి వస్తుంది.

చెవి అచ్చు తీసి చేసే కస్టమ్ ఇయర్‌ఫోన్లు వేదిక మీది సంగీతకారుల అవసరం నుంచి పుట్టాయి. వాన్ హేలెన్ బృందం కోసం పనిచేసిన జెర్రీ హార్వే 1995లో అల్టిమేట్ ఇయర్స్‌ను మొదలుపెట్టాడు. అమరికలో వీటికి సాటి లేదు. కాకపోతే ఒకరి చెవికి చేసింది ఇంకొకరికి పనికిరాదు, మళ్ళీ అమ్మడమూ కష్టం.

ముందు గొంతు, తర్వాత పాట

పరీక్షకు మొదట పెట్టవలసింది బాగా తెలిసిన మనిషి గొంతు. దగ్గరివారి మాటలను నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేసుకుంటే చాలు. ఆ మనిషి ఎలా మాట్లాడతాడో తెలుసు కాబట్టి ఇయర్‌ఫోన్ ఏం మార్చిందో వెంటనే పట్టుబడుతుంది. బేస్ మరీ పెంచిన మోడళ్ళలో గొంతు పీపాలోంచి వచ్చినట్టుంటుంది. బలమైన కింది స్వరాలు పై స్వరాలను కప్పేస్తాయి, దాంతో హల్లుల అంచులు మాసిపోతాయి. ‘వేల’, ‘వేళ’ మధ్య తేడా తెలియాలంటే 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ ప్రాంతం శుభ్రంగా ఉండాలి. ‘స’లోని బుస 4,000 హెర్ట్జ్ పైన ఎక్కువ. అది ఈలలా గుచ్చితే ట్రెబుల్ హద్దు దాటినట్టు.

ఆ తర్వాత సంగీతం. తంబురా నాదంలోని సన్నటి మెరుపు ట్రెబుల్‌కు, మృదంగం ఎడమవైపు మోత బేస్‌కు, నాదస్వరం మిడ్స్‌కు మంచి పరీక్షలు. ఘంటసాల కాలపు మోనో రికార్డింగులో గొంతు తల మధ్యలో నిలబడాలి. పక్కకు ఒరిగితే రెండు వైపులా శబ్దం సమంగా లేదని, లేదా ఒక చెవిలో అమరిక తప్పిందని అర్థం.

రెండు మోడళ్ళను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. కాస్త ఎక్కువ మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. ఈ జాగ్రత్త లేని పోలికలకు విలువ లేదు.

గ్రాఫులు, డ్రైవర్లు, ధర

చెవి కాలువ సహజంగానే 3,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని పెంచుతుంది. ఇన్-ఇయర్ ఆ కాలువను మూసేస్తుంది కాబట్టి ఆ పెంపును తానే ఇవ్వాలి. గ్రాఫులో అక్కడ కనిపించే గుట్ట అందుకే ఉంటుంది. ఎంత ఎత్తున ఉండాలన్నదానిపై హర్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం శ్రోతలతో పరీక్షలు జరిపి రూపొందించిన ‘హర్మన్ టార్గెట్’ ఇప్పుడు చాలామందికి కొలబద్ద. అది సగటు ఇష్టం మాత్రమే. పైగా ఐఈసీ 60318-4 ప్రమాణంతో చేసే కృత్రిమ చెవి కొలతలను 10,000 హెర్ట్జ్ పైన పెద్దగా నమ్మలేం.

డ్రైవర్ల సంఖ్య నాణ్యతకు గుర్తు కాదు. ఒకే డైనమిక్ డ్రైవర్ చక్కగా పలకవచ్చు. పది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4లో చెవికి ఒక్క ఆర్మేచరే ఉండేది. ధరా అంతే. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జెరోన్ బ్రీబార్ట్ 283 హెడ్‌ఫోన్లను కొలిచి, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ సంబంధం కనిపించలేదని తేల్చారు. ఎక్కువ ధరలో తయారీ పనితనం, మార్చుకోగల వైరు, సర్వీసు, బ్రాండ్ పేరు కలిసి ఉంటాయి.

వినిపించే పరికరమూ లెక్కలోకి వస్తుంది. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఇయర్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌లు. అది దాటితే, ముఖ్యంగా ఆర్మేచర్ మోడళ్ళలో, శబ్దం తీరు మారిపోవచ్చు.

రికార్డింగ్‌లో లేనిది చెవికి రాదు

2010లో శుభ్రాంశు చౌధురి ప్రారంభించిన ‘సీజీనెట్ స్వర’ ద్వారా మధ్య భారతంలోని ఆదివాసులు మామూలు ఫోన్ నుంచే తమ సమస్యలను సొంత గొంతుతో రికార్డు చేస్తున్నారు. పాతకాలపు ఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. ‘స’ బుసలో ఎక్కువ భాగం దారిలోనే పోతుంది. లక్ష రూపాయల ఇయర్‌ఫోన్ కూడా దాన్ని వెనక్కి తేలేదు.

తెలిసిన భాషలో ఆ ఖాళీని మెదడే పూరించుకుంటుంది. తెలియని భాషలో పూరించలేదు, లేదా తనకు తెలిసిన మాటతో తప్పుగా పూరిస్తుంది. దోర్లీ మాటను తెలుగు చెవి తెలుగుగా వినేసే ప్రమాదం ఇక్కడే ఉంది. అందువల్ల బడ్జెట్‌లో కొంత మైకుకు కేటాయించి, మనిషికి దగ్గరగా పెట్టి, కుదించని ఫైలుగా రికార్డు చేయడం మేలు. అనుమానం వచ్చిన మాటను ఆ భాష మాతృభాషగా ఉన్నవారికి వినిపించి సరిచూసుకోవడం తప్పనిసరి.

ఎంత శబ్దం, ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సమయం సగమవుతుంది. 90 డెసిబెల్స్ దగ్గర మిగిలేది వారానికి 4 గంటలే. బాగా అమరిన ఇయర్‌ఫోన్ బయటి రొదను ఆపుతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే మాట తెలుస్తుంది. రోజూ గంటల తరబడి వినేవారికి ఇది వినికిడిని కాపాడుకునే మార్గం.

చివరగా పరీక్షల వరుస: టిప్ అమరిక, గంటసేపు సౌకర్యం, తెలిసిన గొంతు, సమాన వాల్యూమ్‌లో పోలిక, ఆ తర్వాతే సంగీతం. గ్రాఫును వీటి తర్వాత చూడవచ్చు. మొదటి రెండింట్లో ఓడిన ఇయర్‌ఫోన్‌ను ఎంత పేరున్నదైనా పక్కన పెట్టాల్సిందే.